మూడో అరుగు అడ్డుచెక్క

గోదాం వెనక వీధి, మేడ మీద గది
జూన్ 3

ఒరేయ్ చీటీ,

బాగున్నావా అని అడగను. ఇరవై రెండేళ్ళుగా ఒక మాట కడుపులో పెట్టుకుని ఉన్నాను. మీ అక్క బతికి ఉన్నంతకాలం "మా తమ్ముణ్ణి ఏమీ అనకండి" అని అడ్డం పడింది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇప్పుడు నాకు అడ్డం పడేవాళ్ళు లేరు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు గోదాంలో, సరుకు దించే మూడో అరుగు దగ్గర లారీ వెనక చక్రం కింద అడ్డుచెక్క నేను పెట్టాను. ఈ చేత్తోనే పెట్టాను. కాలితో రెండు తన్నులు తన్ని బిగించాను. నువ్వు నీ అద్దాల గదిలో కూర్చుని లారీలకి చీటీలు రాస్తూ చూశావు. చూసి ఊరుకున్నావా, కిటికీలోంచి తల బయటపెట్టి "బావా, మెల్లగా, చెక్కకి దెబ్బ తగులుతుంది" అని నవ్వావు. మరి గంటకి లారీ మూరెడు ముందుకు జరిగింది. లారీకీ అరుగుకీ మధ్య వేసిన ఇనప రేకు జారింది. నేనూ, ట్రాలీ, నాలుగు బస్తాలూ సందులో పడ్డాం. రేకు అంచు నా ఎడమ పాదం మీద పడింది. ఆసుపత్రిలో చీలమండ పైదాకా తీసేశారు.

అది సరే. బరువులు మోసేవాడికి ఎప్పుడో ఒకప్పుడు ఒంటికి తగులుతుంది. కానీ కంపెనీవాళ్ళు కాగితం రాశారు. "చెక్క పెట్టకుండా రేకు ఎక్కాడు, అజాగ్రత్త అతనిదే" అని. దాని కింద సాక్షి సంతకం ఎవరిది? నీది. నా ఇంటి ఆడపడుచుని నువ్వు చేసుకోలేదు గానీ, మీ ఇంటి ఆడపడుచుని నేను చేసుకున్నాను కదరా. ఆ మాత్రం సిగ్గు ఉండక్కర్లేదా?

మన అరుగు మీద కట్టుబాటు ఏమిటి? ఎవడు ముందు రేకు ఎక్కుతాడో వాడే చెక్క పెట్టాలి, ఆఖరున వాడే తీయాలి. పద్దెనిమిదేళ్ళ పాటు అందరికన్నా ముందు ఎక్కింది నేను. అందుకే అందరూ నన్ను ముందాయన అన్నారు. మా నాన్న పెట్టిన పేరు ఎవరికీ గుర్తు లేదు, ఒక్కోసారి నాకే గుర్తు రాదు. అంత పేరున్నవాణ్ణి చెక్క పెట్టని వెధవని చేశావు.

ఇన్నాళ్ళకి ఇప్పుడెందుకంటావేమో. మా పెద్దాడి కూతురు, నువ్వు చూసినప్పుడు నెలల పిల్ల, ఇప్పుడు అదే గోదాంలో ఫోర్క్‌లిఫ్టు నడపడానికి చేరింది. మొదటి రోజు సేఫ్టీ క్లాసు అట. గోడ మీద ఫోటో చూపించారట. మూడో అరుగు, పడిపోయిన రేకు, పక్కన నా చెప్పు ఒకటి. క్లాసు చెప్పే ఆయన "ఈయన్ని ముందాయన అనేవారు. అనుభవం ఉందన్న పొగరుతో చెక్క పెట్టకుండా ఎక్కాడు, కాలు పోగొట్టుకున్నాడు" అన్నాడట. ఇరవై రెండేళ్ళుగా చేరిన ప్రతివాడికీ ఇదే పాఠం. నాకు తెలియనే తెలియదు. ఆ వీధిలోనే ఉంటూ, నాకు నమస్కారం పెట్టే కుర్రాళ్ళందరూ లోపల ఏమనుకుంటున్నారో ఇప్పుడు అర్థమైంది.

మా పిల్ల ఊరుకుంటుందా? లేచి నిలబడి "మా తాతయ్య ఇంట్లో మంచం కాలికి కూడా చెక్క పెట్టి పడుకుంటాడు. ఇది అబద్ధం" అందట. పాఠం అర్థమైందని అందరూ కాగితం మీద సంతకం పెట్టాలి. ఇది పెట్టలేదు. సంతకం లేకపోతే అరుగు మీదకి రానివ్వరు. జూలై ముప్పై ఒకటి దాకా గడువిచ్చారు. ఆలోపు రుజువు తెస్తే సరే, లేకపోతే పేరు కొట్టేస్తారు.

రుజువు నీ దగ్గరే ఉంది. నిజం రాసి సంతకం పెట్టి పంపు. నాకు వచ్చిన అక్షరాలు బస్తాల మీద చూసి నేర్చుకున్నవి, ఈ ఉత్తరం రాయడానికి మూడు రోజులు పట్టింది. ఇది వృథా చేయకు.

ముందాయన


బడి ఎదుటి ఇల్లు
జూన్ 19

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం కవరు మీద అక్షరాలు చూడగానే ఎవరు రాశారో తెలిసిపోయింది. బస్తా మీద అచ్చు కొట్టినట్టు ఒక్కో అక్షరం విడివిడిగా, నిటారుగా. చాలాసేపు విప్పకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

చీటీ అని నన్ను పిలిచి ఎన్నేళ్ళయిందో! ఇక్కడ ఎదురు బడి గేటు దగ్గర కూర్చుంటాను, పిల్లలు గేటు తాతయ్య అంటారు. ఆ పేరుకి పలుకుతాను గానీ అది నేను కాదనిపిస్తుంది. పొద్దున్నే గేటు తాళం తీసేటప్పుడు ఇనుము చప్పుడుకి మన గోదాం షట్టరు గుర్తొస్తుంది. మీరు దాన్ని ఒంటి చేత్తో పైకి విసిరేవారు. రేకుల కప్పుకి చిల్లులుండేవి, వాటిలోంచి ఎండ కర్రల్లా దిగేది, దాంట్లో గోనె దుమ్ము తిరుగుతూ ఉండేది. మీరు బస్తాని భుజం మీదకి ఎక్కించుకునే ముందు దాని వీపు మీద ఒకటి చరిచేవారు, గొడ్డుని చరిచినట్టు. "లేవరా" అనేవారు. కొత్తవాళ్ళు మిమ్మల్ని చూసి బస్తాలతో మాట్లాడటం నేర్చుకున్నారు.

మధ్యాహ్నం పని ఆగాక అక్క క్యారేజీ తీసుకుని వచ్చేది. మీరు చక్రం కింద నుంచి చెక్క లాగి, తువ్వాలుతో దులిపి, గోడ నీడలో పీటలా వేసేవారు. "మహారాణిగారికి సింహాసనం" అని అందరూ ఎగతాళి చేస్తే, అక్క "మీ ఆవిడలకి మీరు వేయండి, ఎవరొద్దన్నారు" అనేది. ఆ తరవాత అందరూ చెక్కలు లాగి పీటలు వేయడం మొదలుపెట్టారు. అలా కూర్చుని తిన్నవాళ్ళలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో.

బావా, ఆ కాగితం సంగతి మాత్రం వదిలేయండి. అప్పటి మేనేజరు లేడు, అప్పటి లారీ లేదు. పిల్లకి మీరే నచ్చజెప్పి సంతకం పెట్టించండి. క్లాసులో ఎవరో ఏదో అన్నంత మాత్రాన మీ పేరు పోదు. కాలు ఎలా ఉంది? చలికాలంలో ఇంకా లాగుతోందా?

మీ
చీటీ


గోదాం వెనక వీధి, మేడ మీద గది
జూన్ 28

చీటీ,

నేను అడిగింది ఏమిటి, నువ్వు రాసింది ఏమిటి? షట్టరు, ఎండ, దుమ్ము! నేను నిన్ను గోదాం గురించి వ్యాసం రాయమన్నానా? సూటిగా అడిగితే నీళ్ళు నమలడం నీకు మొదటినుంచీ అలవాటే. పెళ్ళిచూపుల్లో మీ నాన్న "పిల్లాడు ఎలా ఉన్నాడురా" అంటే "బూట్లు బాగున్నాయి నాన్నా" అన్నవాడివి నువ్వు.

పిల్లకి నచ్చజెప్పాలా? చెక్క పెట్టినవాణ్ణి పెట్టలేదని నేనే నా మనవరాలి చేత సంతకం పెట్టించాలా? ఈ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఆ సంతకానికి బదులు వాళ్ళు నీకేం ఇచ్చారు? ఆర్నెల్లు తిరక్కుండా ఊరు ఎందుకు మారావు? ఆసుపత్రికి ఒక్కసారి కూడా రాలేదు. మీ అక్క పోయినప్పుడు వచ్చి గేటు దగ్గర నిలబడి అటునించి అటే పోయావు. తప్పు చేయనివాడు గేటు దాటి రాడా?

సింహాసనం మాట రాశావు కాబట్టి చెబుతున్నాను. ఆ ముక్క మాత్రం రెండుసార్లు చదివాను. కాలు పోయాక పాత పెట్టెల చెక్కలు కోసి పీటలు, స్టూళ్ళు చేసి బతికాను. ఈ వీధిలో నేను చేసిన పీట లేని ఇల్లు లేదు. అందరూ కూర్చున్నారు, మీ అక్క తప్ప. ఆవిడ కోసమని వెడల్పుగా ఒకటి చేసి, అంచులు నున్నగా చెక్కి ఇస్తే, దాని మీద నీళ్ళ బిందె పెట్టుకుంది. "నా పని నీకు ఆనలేదా" అని ఎన్నిసార్లు తిట్టానో. "నేల మీదే నాకు సుఖం" అనేది.

సరే, అది వేరే సంగతి. గడువు దగ్గరపడుతోంది. రాస్తావా రాయవా?

ముందాయన

తాతయ్యా, ఈ ఉత్తరం పోస్టు చేసేది నేను, మనవరాలిని. అడుగున కాస్త చోటుంటే రాస్తున్నాను, ముందాయనగారికి చెప్పకండి. క్లాసు సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆయన రోజూ పొద్దున్న గోదాం గేటు ఎదురుగా కర్ర పట్టుకుని నిలబడుతున్నారు. లోపలికి పోరు, ఎవరితో మాట్లాడరు. లారీలు వెనక్కి వచ్చి అరుగుకి ఆనుతుంటే చక్రాల కింద చూస్తుంటారు. ఎండలో వద్దంటే నన్ను కొట్టేలా చూస్తారు. నా ఉద్యోగం పోయినా ఇంకోటి దొరుకుతుంది. ఆయన్ని అలా చూడలేకపోతున్నాను. మీకు తెలిసింది ఏదైనా ఉంటే రాయండి.


బడి ఎదుటి ఇల్లు
జూలై 14

బావగారికి,

పిల్ల మీకు చెప్పొద్దంది గానీ, అది మీ ఉత్తరం అడుగున రాసిన నాలుగు ముక్కలు చదివాక ఇంక దాచలేను. కూర్చుని చదవండి.

మీరు చెక్క పెట్టారు. రెండు తన్నులు తన్నారు. నేను చూశాను, నవ్వాను. అదంతా నిజం. నేను సంతకం పెట్టింది అబద్ధం.

ఆ రోజు ఇంట్లో నెలల పిల్లకి జ్వరం. త్వరగా తిరిగి వెళ్ళాలని అక్క ఒంటిగంటకి రావలసింది పదకొండుకే క్యారేజీ తీసుకుని వచ్చేసింది. అప్పటికి మిగతావాళ్ళందరూ ఒకటో అరుగుకి వచ్చిన పెద్ద లారీ దగ్గరికి వెళ్ళారు. మూడో అరుగు మీద ఎవరూ లేరు. మీరు లారీ లోపల, బస్తాల వరసల వెనక ఉన్నారు. బయటికి కనపడరు. అక్క ఎప్పుడూ పని ఆగాకే వచ్చేది, ఆవిడ వచ్చేసరికి లారీ దగ్గర ఎప్పుడూ ఎవరూ ఉండేవారు కాదు. పని ఆగిందనుకుంది. చక్రం కింద నుంచి చెక్క లాగింది. కొంగుతో దులుపుకుంది. మీరు వేసే చోటే, గోడ నీడలో వేసుకుని, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నేను కిటికీలోంచి చూశాను. ఆ పెద్ద లారీ ఇంజను మోతలో అరిచినా వినపడదని చెయ్యి ఊపాను, లేవమని. పలకరిస్తున్నాననుకుని ఆవిడా నవ్వి చెయ్యి ఊపింది.

ఇక్కడిదాకా ఎప్పుడైనా మీకు చెప్పగలిగేవాణ్ణేమో. దీని తరవాతది ఎవరికీ చెప్పలేదు. నా ముందు ఒక చీటీ సగం రాసి ఉంది. డ్రైవరు కిటికీ దగ్గర నిలబడి తొందరపెడుతున్నాడు. ఈ ఒక్క చీటీ రాసేసి లేద్దాం అనుకున్నాను. లారీకి బ్రేకు ఉంది కదా, ఇంతలో ఏమవుతుంది అనుకున్నాను. ఆఖరి గీత గీస్తుండగా రేకు పడిన చప్పుడు వినపడింది.

పరిగెత్తుకొచ్చి ముందు అక్కని లేపి పక్కకి నెట్టాను. చెక్కని దూరంగా తన్నేశాను. అందరూ మీ చుట్టూ చేరారు, అక్క అరుస్తోంది, ఎవరూ చెక్క వైపు చూడలేదు. తరవాత మేనేజరు అడిగాడు, చెక్క పెట్టాడా లేదా అని. పెట్టాడంటే, మరి తీసింది ఎవరు అంటాడు. ఎవరని చెప్పను? మా అక్క తీసిందని రాయిస్తే ఆవిడ జీవితాంతం మీ కాలికి పట్టీ కడుతూ ఆ కాగితాన్నే చూస్తుంది. మీరు మనసులో ఏమీ పెట్టుకోకపోయినా చూస్తుంది. పెట్టలేదని రాస్తే మీకు కోపం వస్తుంది, అది నా మీద. నన్ను తిట్టుకుంటూ మీరిద్దరూ బాగుంటారు. అలా అనుకుని సంతకం పెట్టాను.

అక్క కోసమే పెట్టానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అందులో సగమే నిజం. చెక్క తీసింది ఎవరని అడిగితే, నువ్వెందుకు లేవలేదని కూడా అడుగుతారు. ఆ చీటీ నన్ను ఆసుపత్రి మెట్లెక్కనివ్వలేదు, మీ గేటు దాటనివ్వలేదు. వాళ్ళు నాకు ఏమీ ఇవ్వలేదు బావా.

ఈ ఉత్తరంతో పాటు ఇంకో కాగితం ఉంది. జరిగినదంతా, అక్క సంగతీ నా సంగతీ, రాసి సంతకం పెట్టాను. కంపెనీకి ఇస్తే పిల్ల ఉద్యోగం నిలబడుతుంది. మీ పేరు నిలబడుతుంది. ఇవ్వాలో వద్దో నేను చెప్పగలిగినవాణ్ణి కాదు.

మీ
చీటీ


గోదాం వెనక వీధి, మేడ మీద గది
జూలై 26

చీటీ,

ఉత్తరం అందింది. కాగితం కూడా అందింది. ఎవరికీ చూపించలేదు. పిల్ల అడిగితే ఇంకా రాలేదని చెప్పాను.

రాయడానికి చేతకావడం లేదు.

కొయ్య పని ఒకటి ఉంది.


బడి ఎదుటి ఇల్లు
ఆగస్టు 25

బావగారికి,

మీ దగ్గర్నుంచి నాలుగు గీతలు వచ్చి నెల అయింది. కింద పేరు కూడా రాయలేదు. గడువు దాటిపోయింది. పిల్ల ఉద్యోగం ఏమైందో తెలియదు. ఇక్కడ పోస్టుమాన్ నన్ను చూడగానే దూరం నుంచే తల అడ్డంగా ఊపుతున్నాడు.

తిట్టండి. మీరు తిడితే నాకు హాయిగా ఉంటుంది. మొన్న బడిలో చెత్త బండి వెనక్కి తీస్తుంటే లేచి వెళ్ళి చక్రం కింద ఇటుక పెట్టాను. పిల్లలు "గేటు తాతయ్యా, అది మూడు చక్రాల బండి, ఎక్కడికీ పోదు" అని నవ్వారు. నేనూ నవ్వాను గానీ, బండి వెళ్ళేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

కుశలంగా ఉన్నామని ఒక్క ముక్క రాయించండి చాలు.

చీటీ


గోదాం వెనక వీధి, మేడ మీద గది
సెప్టెంబరు 22

ఒరేయ్ బావమరిదీ,

బతికే ఉన్నాను. ఈ ఉత్తరం పొడుగు, ఆరు రోజులుగా రాస్తున్నాను. కూర్చుని చదువు.

నీ ఉత్తరం చదివినప్పుడు ముందు కోపం వచ్చింది. మీ అక్క మీద కాదు. ఆ ఒక్క చీటీ మీద. ఉత్తరం నలిపి పొయ్యి దాకా తీసుకెళ్ళాను. తరవాత మళ్ళీ సాపు చేసుకుని చదివాను. అందులో మీ అక్క క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చెయ్యి ఊపుతున్న చోటు ఉంది కదా, అక్కడ ఆగిపోయాను. ఆ మనిషిని నేను చూడలేదు. లారీ లోపల ఉన్నాను. ఇరవై రెండేళ్ళ తరవాత నువ్వు చూపించావు. నవ్వుతూ ఉంది అన్నావు. మళ్ళీ మళ్ళీ ఆ ముక్కే చదివాను.

ఇంకో సంగతి. మీ అక్కకి తెలుసురా.

పీట మీద ఎందుకు కూర్చోలేదో ఇప్పుడు తెలిసింది. పెళ్ళి కాకముందు నుంచీ ఉన్న ముక్కాలి పీటని ఆసుపత్రి నుంచి నేను ఇంటికొచ్చేలోపే ఎవరికో ఇచ్చేసింది. పట్టీ కట్టేటప్పుడు ఒకసారి "ఆ రోజు నేను తొందరగా రాకుండా ఉండాల్సింది" అంది. నా రక్తం చూసి భయపడిందనుకున్నాను. "వచ్చావు కాబట్టి ఆ క్యారేజీ ఆసుపత్రిలో పనికొచ్చింది" అని హాస్యమాడాను. తల వంచుకుని పట్టీ కట్టింది. ఇరవై ఒక్క ఏళ్ళు కట్టింది, ఒక్క పూట మానలేదు. "మా తమ్ముణ్ణి ఏమీ అనకండి" అని ఎందుకు అడ్డం పడేదో కూడా ఇప్పుడు తెలిసింది. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ చెరో మూల కూర్చుని ఒకే మూట దాచారు. మధ్యలో వెర్రివాణ్ణి నేను.

జూలై ముప్పైన పిల్లని వెంటబెట్టుకుని గోదాంకి వెళ్ళాను. నీ కాగితం జేబులో ఉంది. గేటు దగ్గర నెత్తిన టోపీ పెట్టారు. "ఈ వయసులో నా నెత్తిన కొత్తగా పడేదేముంది" అంటే, గేటువాడు "రూలు తాతా" అన్నాడు. పెట్టుకున్నాను. క్లాసు చెప్పే ఆయన సన్నగా, చెవి వెనక పెన్ను పెట్టుకుని ఉన్నాడు, మా పెద్దాడి వయసు. "ముందాయన మీరేనా?" అన్నాడు. "ఫోటోలో చెప్పు నాదే" అన్నాను. కొత్తగా చేరినవాళ్ళు పాతికమంది బెంచీల మీద కూర్చుని ఉన్నారు. నా చెయ్యి జేబు మీదకి పోయింది. తీసి ఇస్తే అయిపోతుంది. ఇరవై రెండేళ్ళ మాట ఒక్క నిమిషంలో కడిగేసుకోవచ్చు. కానీ రేపటినుంచి ఆ గోడ మీద నా బదులు మీ అక్క ఉంటుంది.

తీయలేదు. నోటితోనే చెప్పాను.

"చెక్క నేను పెట్టాను. తరవాత దాన్ని తీశారు. కూర్చోవడానికి తీశారు. ఎందుకంటే ఆ అరుగు మీద మనిషి కూర్చోవడానికి ఒక్క పీట ఉండేది కాదు. మధ్యాహ్నం అయితే చక్రం కింద చెక్క లాగి పీట వేయడం అలవాటు చేసింది నేను. ముందు ఎక్కేవాణ్ణి, నేను చేస్తే అందరూ చేశారు. అది చక్రానిదని ఎవరికీ గుర్తు లేకుండా చేశాను. కాబట్టి మీ కాగితంలో అజాగ్రత్త అన్న మాట ఉంచండి. చెక్క పెట్టలేదన్న మాట కొట్టేయండి."

ఆయన "తీసింది ఎవరు?" అన్నాడు.

"ఎవరైతే ఏం? కాళ్ళు నొప్పి పుట్టినవాళ్ళు" అన్నాను.

"తప్పు తన మీదే వేసుకునేవాడి మాటకి వేరే రుజువెందుకు" అన్నాడు. తరవాత చెవి వెనక పెన్ను తీసి కాగితం మీద ఆ ముక్క కొట్టేశాడు. పిల్ల అక్కడే సంతకం పెట్టింది. ఇప్పుడు రోజూ ఫోర్క్‌లిఫ్టు మీద కూర్చుని నా ముందునుంచే పోతుంది, హారను కొట్టి మరీ. అరుగుల దగ్గర చెక్కలన్నిటికీ పసుపు రంగు వేసి, గోడకి గొలుసు కట్టారు. ఎవడూ లాక్కుపోయి కూర్చోలేడు.

తిరిగి వస్తుంటే పిల్ల అడిగింది, "తాతయ్యా, కూర్చున్నది నానమ్మేనా?"

"ముందు చూసి నడువు" అన్నాను.

మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నది, నా చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది.

వచ్చేముందు నీ అద్దాల గది చూశాను. విరిగిన ఫ్యాన్లు పడేశారు అందులో. కిటికీ అలాగే ఉంది. గది తలుపు దగ్గర్నుంచి మూడో అరుగు గోడ దాకా అడుగులు వేసి లెక్కపెట్టాను. నా కొయ్యకాలితో నలభై నాలుగు. నీ రెండు కాళ్ళతో ముప్పై అనుకో. మధ్యలో నాలుగు మెట్లు. చీటీ పక్కన పడేసి లేచినా నువ్వు అందుకునేవాడివి కాదు. నేను లెక్కపెట్టాను కాబట్టి అది అంతే. దాని మీద ఇంకో ఉత్తరం రాయకు.

సంతకం క్షమించాను. చీటీ సంగతి చెప్పాను కదా. ఒక్కటి మాత్రం క్షమించలేదు. ఇరవై రెండేళ్ళు నా ఇంటికి రాలేదు. నేను కొడతాననుకున్నావా? ఒంటికాలి మీద నిన్ను ఎంత దూరం తరుముతాను? నువ్వు రాకపోతే ఆ పాత గోదాం గురించి నేను ఎవరితో మాట్లాడాలి? ఉన్నవాళ్ళకి తెలియదు, తెలిసినవాళ్ళు లేరు. షట్టరు ఒంటి చేత్తో విసిరేవాణ్ణని చెబితే మా పిల్ల "అబ్బో" అంటుంది.

కొయ్య పని ఉందని రాశాను కదా. బల్ల ఒకటి చేశాను. పాత పెట్టెల చెక్క, నలుగురు కూర్చోవచ్చు, అంచులు నున్నగా చెక్కాను. కూర్చునే చోట రెండు పలకలు ఒకదాని మీద ఒకటి వేసి బిగించాను. నీ కాగితం ఆ రెండింటి మధ్య ఉంది, పన్నెండు మేకులు కొట్టాను. అది తీయాలంటే బల్ల విరగ్గొట్టాలి, నేను చేసిన బల్ల విరగ్గొట్టడం అంత సులువు కాదు. కంపెనీవాళ్ళు దాన్ని మూడో అరుగు మీద, మీ అక్క కూర్చునే చోట, గోడ నీడలో వేయించారు. ఇంకా దాని మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. పిల్లని కూడా.

అక్టోబరు ఇరవయ్యో తారీఖున ఆ అరుగు పగలగొట్టి కొత్తది కడతారట. బల్లని కొత్త అరుగు మీదకి మారుస్తామన్నారు. ఆలోపు, ఆ గోడ ఇంకా ఉండగా, మధ్యాహ్నం పని ఆగినప్పుడు మనిద్దరం దాని మీద కూర్చుని తినాలి. మీ అక్క క్యారేజీ నా దగ్గరే ఉంది. పై గిన్నె మూత వంకర పోయింది గానీ, పడుతుంది.

మోకాళ్ళ నొప్పి అని రాస్తే ఊరుకోను, నాకు సగం కాలే లేదు. బడి గేటు అని రాస్తే అసలు ఊరుకోను, తాళం ఇంకొకరికి ఇవ్వు. గేటు దగ్గర ఆగి వెనక్కి పోతావేమో, పిల్ల బస్సు దగ్గరికే వస్తుంది. ఏ రోజు, ఏ బస్సుకి వస్తున్నావో రాసిన జవాబు అక్టోబరు పదిహేనో తారీఖు లోపల నా చేతికి అందాలి.

నీ బావ